ప్రేమలత ఎడమ కిడ్నీ

రాజలింగూ,
గిన్నెలో అన్నం ఉంది, తిను. పాపను బడి నుంచి పక్కింటి ఉజ్వల తీసుకొస్తుంది, నువ్వు వెళ్లకు. ప్రేమలతను ఆసుపత్రిలో చేర్చాను. దాని బట్టల కోసం వచ్చి, ఈ నాలుగు ముక్కలు రాసి మళ్లీ పోతున్నాను.

నువ్వు చూస్తున్న కేబుల్ టీవీ ఆపేసిందని నిన్న నీ పెళ్లాన్ని గని బూటుతో నడుం మీద తన్నావు. కింద పడ్డాక కూడా తన్నావు. పొద్దున దానికి మూత్రంలో నెత్తురు పడింది. నిలబడలేక అక్కడే కూలిపోయింది.

డాక్టరు మరాఠీలో చెప్పింది నాకు అర్థం కాలేదు. విరూర్ నుంచి వచ్చిన తెలుగు నర్సు మన మాటల్లో చెప్పింది. "పక్కటెముకల కింద, ఎనక దిక్కు రెండు కిడ్నీలుంటయి అవ్వా. ఒంట్ల నెత్తురునంతా రాత్రి పగలు వడగట్టి, విషాన్ని మూత్రంల పంపుతయి. అవి రెండూ ఆగితే ఆ విషం ఒంట్లనే ఉండి మనిషిని చంపుతది. నీ కోడలికి ఎడమది చీలింది. నెత్తురాగకుంటే కోసి తీసెయ్యాలె."

ఆసుపత్రికి తెలుగొచ్చిన పోలీసు వచ్చి అడిగితే ప్రేమలత, "మెట్ల మీదికెళ్లి పడ్డ సార్" అంది. నేను అడ్డం పడి, "అబద్ధం సార్, నా కొడుకే తన్నిండు" అన్నాను. ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టాను. సాయంత్రం నీ కోసం పోలీసులు వస్తారు. పారిపోకు. పాప ముందు అరవకు.

మీ నాన్న నన్ను కొట్టిన రోజుల్లో నేను ఎవరికీ చెప్పలేదు. నువ్వు అదంతా చూస్తూ పెరిగావు.
అమ్మ