దానిమ్మ కొమ్మకు చుట్టిన తీగ

అమ్మకు,

నీ పెద్దది నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేను, నాన్న, బాల్కనీలో ఉన్న ముప్పై రెండు పొట్టి బోన్సాయ్ చెట్లు క్షేమం. అక్కడ నువ్వు, చెల్లి, మరిది, ఇల్లు పీకి పందిరేస్తున్న ఆ కవల పిడుగులు క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న మంగళవారం అందింది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు నాన్నకు తిట్లే. పెద్ద పళ్ళ ల్యాబు ఉద్యోగం నేను వద్దనుకున్నది ఆయన వల్లేనని, ఇక ఆయనతో మాట్లాడేది లేదని, ఈ మాట ఆయనకు చదివి వినిపించమని రాశావు. వినిపించలేదు. ఎందుకో కింద చెబుతాను, ముందే పేజీలు తిప్పి చూడకు. ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఇక్కడ ఫోను మోగితే నాన్న చెవి ఎక్కడుంటుందో నీకు తెలుసు. అక్కడేమో స్పీకరు పెట్టకపోతే చెల్లికి అన్నం అరగదు.

నువ్వడిగినవాటికి జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నారు. నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేసే వేషాలు మానేశారు, ఎందుకంటే నేను రోజూ నోరు తెరిపించి చూస్తున్నాను. కట్టుడు పళ్ళు చేసేదాన్ని, నోట్లోకి తొంగి చూడడానికి నాకేం మొహమాటం? బాత్రూమ్ కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరు మూడుసార్లు వస్తానన్నాడు, మూడుసార్లూ రాలేదు. కింద బకెట్ పెట్టి ఆ నీళ్ళే చెట్లకు పోస్తున్నాను. పై ఇంటి టైలరమ్మ నీ జాకెట్లు కుట్టేసింది. "మనవల పక్కన కూర్చుని వాళ్ళు వదిలేసిందంతా తింటూ ఉంటే పాత కొలత సరిపోతుందా మీ అమ్మకి?" అని అడిగింది. అడిగింది ఆమె, నేను కాదు.

ఇక నేనెందుకు చిక్కిపోయానని అడిగావు. నిజం చెప్పనా? ఊపిరాడడం లేదమ్మా.

ఈ చెట్ల కుండీలు నీకు తెలియనివి కావు, రెండు వేళ్ళ మందం మట్టి ఉంటుందంతే. ఈ ఎండలకు పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికే ఇగిరిపోతున్నాయి. ఒక్క పూట మరిచామా, పాతికేళ్ళ చెట్టయినా సరే, చేతికి రాదు. అందుకే ఒంటిపూట పనికే కుదిరి, పన్నెండున్నరకు ల్యాబులో నా బల్ల మీద ఎవరిదో కింది దవడ సగం పళ్ళతో ఉండగానే లేచి, చేతులు కడుక్కుని ఇంటికి పరుగెత్తుతాను. మొన్న ల్యాబులో అందరూ రెండు రోజులు సముద్రం చూడ్డానికి వెళ్ళారు. నేను ముప్పై రెండు కుండీలకు నీళ్ళు పోశాను. బాల్కనీ తలుపు కుండీలకు తగిలి జానెడే తెరుచుకుంటుంది. రోజుకు పదిసార్లు అందులోంచి పక్కకు తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని దూరుతున్నాను.

అన్నం తిన్నాక నాన్న కుర్చీ ఆ తలుపు సందు దగ్గర వేయాలి. పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయిన దగ్గర్నుంచి ఆయన చెప్పడం, నేను చెయ్యడం. నువ్వున్నప్పుడు నీళ్ళూ కత్తిరింపులూ సగం నువ్వు చూసేదానివి. చెల్లి కాన్పుకని నువ్వెళ్ళి పదకొండు నెలలైంది, ఇప్పుడంతా నా నెత్తినే.

"కాస్త వంచు. అంత కాదు! విరిచేస్తావా ఏంటి?"

"మీరు చెప్పినంతే వంచాను."

"నేను చెప్పింది వెంట్రుకవాసి."

"వెంట్రుకవాసి ఎంతో నా వేళ్ళకి తెలీదు నాన్నా."

"మనుషుల పళ్ళ దగ్గర తెలుస్తుంది గానీ చెట్టు దగ్గర తెలీదా?"

ఇలా సాయంత్రందాకా. 'ఆ మనిషికి చెట్లు చాలక నిన్ను కూడా పళ్ళెంలో పెట్టి పెంచుతున్నాడు' అని రాశావే, అది చదివి పకపకా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చింది. కానీ ఈ విషయంలో నువ్వు తిట్టాల్సిన మనిషి ఆయన కాదు. ఇక అసలు సంగతి రాస్తున్నాను. పిల్లల్ని చెల్లికి అప్పగించి కూర్చుని చదువు.

మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి నాన్న మంచం మీద నిద్రపోతున్నారు. చెట్లకు నీళ్ళు పోద్దామని బాల్కనీలోకి దూరాను. తలుపు పక్కనే ఆ పాత దానిమ్మ ఉంది కదా, దాని ఎడమవైపు కింది కొమ్మకు, వంపు తిప్పడానికి వేసే రాగి తీగ చుట్టి ఉంది. పొద్దున నేను వెళ్ళేటప్పటికి ఆ కొమ్మకు ఏమీ లేదు.

నేను చుట్టిన తీగ ఎలా ఉంటుందో నువ్వు చూశావుగా, ఒకచోట కుప్పపడి, ఇంకోచోట జారిపోయి. ఇది అలా లేదు. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఒకే దూరం, ఒకే వాలు, చివర ఎవరికీ గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉంది. నలభై ఏళ్ళు దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాసిన చేయి అది. పైగా తీగ చుట్టాలంటే ఒక చేత్తో కొమ్మ పట్టుకోవాలి, రెండో చేత్తో తిప్పాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదు.

ఆయన కుడిచేయి బాగయింది. నాకు చెప్పలేదు.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అన్నం ముద్దలు కలిపి పెట్టాను, చొక్కా బొత్తాలు పెట్టాను, ఆయన కోసం సముద్రం మానుకున్నాను! లేపి కడిగేద్దామని గదిలోకి వెళ్ళాను. వెళ్ళి, మంచం పక్కన నిలబడి, తిరిగి వచ్చేశాను. కట్టరు తీసుకుని ఆయన చుట్టిన తీగను ముక్కలు ముక్కలుగా కత్తిరించాను. దాని స్థానంలో నా చెత్త తీగ నేను చుట్టి పెట్టాను.

అవునమ్మా, దాచాను. పై ఇంటి టైలరమ్మ చూస్తే నీకు చేరవేస్తుంది. నువ్వు ఫొటో అడిగితే ఒక్క చూపులో పట్టేస్తావు, ఆయన చేతిపని నీకు తెలియదా? తెలిస్తే, "ఇంకెందుకే అక్కడ, నీ దారి నువ్వు చూసుకో" అంటావు.

ఆ పై వారమే పెద్ద ల్యాబు నుంచి పిలుపు వచ్చింది. వేరే ఊరు, పూర్తి రోజు పని, నా కింద ఆరుగురు. నాన్న చేయి ఇంకా లేవడం లేదు, రాలేను అని నేనే రాశాను. ఆయన చేయి లేస్తుందని తెలిసీ రాశాను. ఉద్యోగం వద్దని ఆయన ఒక్క మాట కూడా అనలేదు, ఆ పిలుపు సంగతే ఆయనకు తెలియదు. నీకు మాత్రం ఆయన వల్లే ఆగిపోయానని రాశాను. నువ్వు ఆయనతో మాట్లాడడం మానేశావు. ఆ తప్పు నాది, అందుకే నీ తిట్లు ఆయనకు చదివి వినిపించలేదు.

ముప్పై ఆరేళ్ళ దాన్ని, ఒక్క ఊరు, ఒక్క ల్యాబు, ఒక్క బల్ల. ఆరుగురు నా మాట వినాలంటే నేనేం చెప్పాలి? కొత్త ఊళ్ళో ఒక్కదాన్నే గది తాళం తీసుకుని లోపలికి వెళ్ళడం తలుచుకుంటేనే భయమేసేది. ఈ ఇంట్లో ఊపిరాడదు, బయటికి వెళ్ళాలంటే కాళ్ళు రావు. నాన్న చేయి నాకు మంచి సాకు అయింది.

మూడు వారాలకోసారి అదే కొమ్మకు మళ్ళీ ఆ చక్కటి తీగ కనిపించేది. నేను మళ్ళీ కత్తిరించి నాది చుట్టేదాన్ని. ఇద్దరం ఏమీ ఎరగనట్టే టీ తాగేవాళ్ళం. ఇన్నిసార్లు తీసి చుడితే ఏ కొమ్మ తట్టుకుంటుంది? బెరడు ఊడి, ఆకులు రాలి, పోయిన ఆదివారం పొద్దున చూసేసరికి పుల్లలా ఎండిపోయింది.

నాన్న కుర్చీలోంచి లేచారు. కర్ర పక్కన పెట్టి, కుడిచేత్తోనే ఆ కొమ్మను పట్టుకున్నారు, నా కళ్ళెదుటే.

"ఎన్నిసార్లు తీశావే?"

"నాలుగు."

"నేను ఐదుసార్లు చుట్టాను. ఐదోది తియ్యలేదేం?"

"తీద్దామని వచ్చేసరికి ఎండిపోయింది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయన ఎండిన కొమ్మను వదిలి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

"చేయి వచ్చిందని చెబితే మర్నాడే పెట్టె సర్దుకుంటావని భయం. చెప్పకపోతే ఇక్కడే ఉండిపోతావని భయం. నోటితో చెప్పలేక, నీ కంట పడేలా చుట్టి పెట్టాను. చూసి నామీద అరుస్తావు, అరిచి వెళ్ళిపోతావు అనుకున్నా. నువ్వేమో అరవవు, వెళ్ళవు. మళ్ళీ చుట్టాను. నీకేమైందే తల్లీ?"

అప్పుడు చెప్పాను అంతా. ఉద్యోగం సంగతి, నీకు రాసిన అబద్ధం, నా భయం, అన్నీ. ముక్కు చీదుకుంటూ చెప్పాను, ఇంత వయసొచ్చి. ఆయన తిట్టలేదు. మర్నాడు నర్సరీ అతనికి కబురు పెట్టి ఇరవై చెట్లు తీసుకెళ్ళమన్నారు. "నేను మోయగలిగినన్ని నీళ్ళకి పన్నెండు చాలు" అన్నారు. ఆ ఇరవైలో ఒక్కటీ ఎండిన చెట్టు లేదమ్మా, అన్నీ ఆయన ప్రాణాలే. వాటిని తీసుకెళ్తుంటే ఆయన లోపల గదిలో కూర్చున్నారు.

పెద్ద ల్యాబు మేనేజరు పోయిన వారం ఇంకో ఉత్తరం రాశారు, ఆ స్థానంలో చేరిన మనిషి నిలబడలేదట, ఒకటో తారీఖుకు రాగలరా అని. వస్తానని నిన్న జవాబు రాశాను. అది నాన్న చొక్కా జేబులో ఉంది. నా చేతికిస్తే పోస్టు డబ్బాదాకా వెళ్ళి వెనక్కి తెచ్చేస్తానని ఆయన అనుమానం. నాకూ అదే అనుమానం. అందుకే అదీ, ఈ ఉత్తరమూ, రెండూ ఆయనే డబ్బాలో వేసి వస్తారట. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు, అయిందా అని ఇప్పటికి మూడుసార్లు అడిగారు.

ఈ కవరు మీద నీ చిరునామా నేను రాయలేదు, నాన్న కుడిచేత్తో రాశారు. వీధి పేరు దగ్గర గీత వంకర పోతే దిద్దబోయాను. "ఉండనీ, ఎవరి చేయో ఆవిడకి తెలియాలి" అన్నారు. భయంగానే ఉందమ్మా. కవరు ఆయన చేతికిచ్చేస్తున్నాను.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన
నీ పెద్దది