కొత్త సైలెన్సర్ చప్పుడు

జులై 6, ఆదివారం

మొత్తానికి బిగించాం. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం నాలుగైంది.

నా ఎర్ర టూ-సీటర్ కారులో ఇప్పుడున్నది దాని సొంత ఇంజన్ కాదు. అది చచ్చిపోతే, యాక్సిడెంట్ అయిన ఒక సెడాన్‌లోంచి తెచ్చి వేయించాను. ఆర్‌సీలో ఎక్కించుకోవడానికే ఏడు నెలలు తిరిగాను. ఈ ఇంజన్‌కు పాత సైలెన్సర్ ఇరుకు. అందుకే పుణె నుంచి స్టీల్‌ది తెప్పించాను. తీరా చూస్తే పైపు సైజు కలవలేదు. సుబేదారిలో షెడ్డున్న సారయ్య అన్న రెండు జానల పైపు ముక్క కోసి, ఒక కొస వెడల్పు చేసి, అతుకు వేశాడు. మా నాన్న స్కూటర్ కాలం నుంచి మా బళ్లన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి.

స్టార్ట్ చేస్తే వెనక ఎడమ పక్క నుంచి గుండెకు తగిలేలా ఒక మెత్తటి గర్జన. మా ఆవిడ హారిక చేతులు కట్టుకుని నిలబడి, కాలనీలో అందరికీ నువ్వే జవాబు చెప్పుకో అంది. ధర్మసాగర్ దాకా వెళ్లొచ్చాం. వచ్చేటప్పుడు తానే నడిపింది. ఎనభై దాటించింది కూడా.

జులై 8, మంగళవారం

గుయ్‌మని ఒక చప్పుడు. నిన్న లేదు. పొద్దున షాపుకు వెళ్తుంటే ఉంది.

జులై 9, బుధవారం

షాపులో పెయింట్ డబ్బాలు దింపించి, మధ్యాహ్నం షెడ్డుకు వెళ్లాను. సారయ్య అన్న నడిపి చూశాడు. ఏం లేదు తమ్మీ, మస్తుగున్నది అన్నాడు. నాకేమో స్పష్టంగా వినిపిస్తోంది. అదీ ఎడమ పక్క నుంచే, సైలెన్సర్ నోరున్న పక్కే. ఆదివారం విన్న గర్జన మాత్రం లేదు. డబ్బాలో పెట్టి మూసినట్టు పలచగా వస్తోంది.

పైగా వానలకు జలుబు పట్టినట్టుంది. ఎడమ చెవి దిబ్బడేసింది.

జులై 11, శుక్రవారం

అన్న ఇవాళ రెండు గంటలు కారు కింద పడుకున్నాడు. మధ్యలో చప్పుడు తగ్గించే రెజొనేటర్ అని ఇంకో చిన్న డబ్బా అతికించాడు. గుయ్ తగ్గలేదు. ఆయనకది అసలే వినపడదట. యాభై ఐదేళ్లు గ్రైండర్ల మధ్య బతికిన మనిషికి ఏం వినపడుతుంది?

జులై 12, శనివారం

కారు దిగాక కూడా ఆగడం లేదు. అంత లౌడ్.

జులై 13, ఆదివారం, రాత్రి 9

హారిక మాట్లాడటం మానేసింది.

కారులో పక్క సీట్లో కూర్చుని ఏదో చెప్పిందట. కేసముద్రం జూనియర్ కాలేజీకి తనను ప్రిన్సిపల్‌గా వేశారని, వెళ్లనా వద్దా అని. మూడుసార్లు అడిగిందట. నేను రోడ్డు చూస్తూ పలకలేదట. పదకొండేళ్లు మ్యాథ్స్ లెక్చరర్‌గా చేశాక వచ్చిన ప్రమోషన్ అది. ఇంటికొచ్చాక, నా మాటకన్నా నీకు ఆ పైపే ఎక్కువైందని అంది. సైలెన్సర్ అంత మోత మోగుతుంటే నాకెట్లా వినపడుతుందని అడిగాను. ఏ మోత అంది.

ఏ మోత అని ఎట్లా అంటుంది? తమాషా చేస్తోందనుకున్నాను. కానీ కళ్ల నిండా నీళ్లున్నాయి.

జులై 16, బుధవారం

చేయకూడని పని చేశాను. షెడ్డులో నలుగురు కస్టమర్లున్నారు. వాళ్ల ముందే, పని రాకపోతే ముందే చెప్పాల్సింది అన్నాను సారయ్య అన్నను. ఆయన వెల్డింగ్ గాగుల్స్ తీసి, చొక్కా కొసతో చాలాసేపు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత, బండి ఇడిసిపెట్టి పో అన్నాడు. ఆటోలో వచ్చాను.

ఆటోలో కూడా గుయ్‌మంటూనే ఉంది. నాకు పిచ్చి పడుతోందా?

జులై 17, గురువారం

ఫోన్ స్పీకర్ కూడా పోయినట్టుంది. ఎడమ చెవి దగ్గర పెట్టుకుంటే ఒక్క ముక్క లేదు. కుడి చేతిలోకి మార్చుకుంటే పని చేసింది. ఏంటో.

జులై 19, శనివారం, మధ్యాహ్నం 12

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

పదింటికి సారయ్య అన్న ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లేసరికి కొత్త సైలెన్సర్ విప్పి గోడకు ఆనించి ఉంది. పాతదే మళ్లీ బిగించాడు. స్టార్ట్ చేసి, ఇప్పుడున్నదా అన్నాడు. ఉంది అన్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. నన్ను సీట్లోనే ఉండమని, తానే చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పేశాడు. ఇంజన్ ఆగింది.

"ఇప్పుడు?"

ఉంది. అలాగే ఉంది.

ఆయన తన గరుకు అరచేయి నా కుడి చెవి మీద గట్టిగా పెట్టాడు. పెదవులు కదిలాయి. మాట వినపడలేదు. ఆయన గొంతే కాదు, షెడ్డు, రోడ్డు, వాన, అన్నీ పోయాయి. గుయ్ ఒక్కటే మిగిలింది. చేయి తీశాక లోకం మళ్లీ వచ్చింది.

"తమ్మీ, తప్పు బండిల లేదు. జర దవాఖానకు పో. రేపు గాదు, ఇయ్యాల్నే పో."

నన్ను ఒక్కణ్ణీ పంపలేదు. షెడ్డుకు తాళమేసి ఆయనే బైక్ మీద తీసుకొచ్చాడు. ఇక్కడ ఆస్పత్రి బెంచీ మీద నా కుడి పక్క కూర్చున్నాడు. నేను క్షమించమని అడగలేదు.

అదే రోజు, రాత్రి

డాక్టర్ రాజేశ్వర్ రావు గారు గాజు గదిలో కూర్చోబెట్టి టెస్ట్ చేశారు. ఎడమ చెవి నరం ఉన్నట్టుండి దెబ్బతిన్నదట. ఎందుకో చెప్పలేమన్నారు. ఎప్పటి నుంచి అని అడిగారు. ఎనిమిదో తారీఖు నుంచి అన్నాను. మూడు నాలుగు రోజుల్లో వచ్చి ఉంటే బాగుండేదన్నారు. పదకొండు రోజులు ఏం చేశారని అడిగారు.

సైలెన్సర్ మార్పించానని ఎట్లా చెప్పను?

హారిక విషయం విని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక నా కుడి పక్కకు జరిగి కూర్చుంది. ఆదివారం అడిగింది మళ్లీ అడుగు అన్నాను. అడిగింది. వెళ్లు అన్నాను. పిచ్చోడా, నిన్నిట్లా ఇడిసిపెట్టి ఎట్ల పోతా అంది. రోజూ పొద్దున రైలు ఉంది కదా అన్నాను.

జులై 26, శనివారం

చెవిలోకి రెండో ఇంజెక్షన్. తల తిరుగుతోంది. గోడ పట్టుకుని నడుస్తున్నాను. గుయ్‌లో ఏ మార్పూ లేదు.

ఆగస్టు 2, శనివారం

మళ్లీ టెస్ట్. గ్రాఫ్‌లో ఎడమ చెవి గీత కిందనే ఉంది. ఇక రాదనుకోవడమే మంచిదని డాక్టర్ నెమ్మదిగా చెప్పారు. తల ఊపాను. ఆయన రెండోసారి చెప్పారు, వినలేదనుకుని.

అక్కణ్ణుంచి నేరుగా షెడ్డుకు వెళ్లాను. అన్నా, ఆ రోజు నేను నిన్నన్న మాట తప్పు అని చెప్పాను. అప్పుడు కూడా నలుగురున్నారు, కావాలనే వాళ్ల ముందు అన్నాను. సారయ్య అన్న స్పానర్ దించలేదు. తన చెవి కూడా సగమే పని చేస్తదని, ఇరవై ఏండ్ల సంది ఎవరికీ చెప్పలేదని అన్నాడు. అది నిజమో, నన్ను ఓదార్చడానికి చెప్పిన అబద్ధమో నాకు తెలియలేదు.

హారిక గురువారమే కేసముద్రంలో చేరింది.

ఆగస్టు 9, శనివారం

కొత్త సైలెన్సర్ మళ్లీ బిగించాం. చప్పుడు బాగుందా అని నేనే అడిగాను. బాగుంది అని సారయ్య అన్న చెప్పాడు. నమ్మాను.

ఆగస్టు 12, మంగళవారం

చౌరస్తాలో ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఎటు నుంచో తెలియలేదు. నాలుగు వైపులా తిరిగాను. అందరూ నడుస్తూనే ఉన్నారు. పిలిచినవాళ్లకు కనపడేలా చెయ్యి పైకెత్తి, అలాగే నిలబడ్డాను.