పచ్చరాతి ద్వారం దగ్గర సుయిలాన్

పచ్చరాతి ద్వారం,
కోతి సంవత్సరం, మూడో నెల, పౌర్ణమి వెళ్ళిన మర్నాడు.

సమర్‌కంద్‌లో కంచరి వీధిలో ఉంటున్న మా తమ్ముడు వర్జక్‌కు, నానా దేవత నిన్నూ నీ ఒంటెలనూ చల్లగా చూడాలని వేడుకుంటూ, తలలోంచి ఎడారి దుమ్ము ఇంకా వదలని నీ అక్క నానైచ్ రాస్తున్నది.

నేను క్షేమం. సరుకు క్షేమం. నీ భార్య సుయిలాన్ నా పక్కనే కూర్చుని రొట్టె తింటోంది. మమ్మల్ని ద్వారం దగ్గర ఆపేశారని నీకు ఎవరైనా కబురు మోసుకొచ్చి ఉంటారు. అందుకే ఈ మాటలు ముందు రాశాను.

నిన్న పొద్దున్న ఈ సరిహద్దుకు చేరేసరికి ద్వారం మూసి ఉంది. మాకంటే ముందు వచ్చిన బిడార్లు కూడా గోడ నీడన పడి ఉన్నాయి. దున్‌హువాంగ్‌లో సర్కారు పట్టు కార్ఖానా నుంచి ఒక మనిషి పారిపోయిందట. పట్టుగూళ్ళు మరగబెట్టి, తెగకుండా దారం తీయడంలో ఆమెను మించినవాళ్ళు లేరట. పురుగులంటే మన ఊళ్ళోనూ ఉన్నాయి గానీ అంత సన్నని పోగు మనవాళ్ళకు రాదని నువ్వే అంటుంటావు కదా. ఆ పనితనం పడమటికి పోకూడదని పైనుంచి ఆజ్ఞ. ఆమెను గుర్తుపట్టడానికి కార్ఖానా పెద్ద గుర్రం మీద వస్తున్నాడని, అతను వచ్చేదాకా ఆడవాళ్ళున్న ఏ బిడారూ కదలడానికి లేదని చెప్పారు.

మాకు తొందర ఉంది. గడ్డి అయిపోవచ్చింది, రెండు ఒంటెల కాళ్ళు పగిలాయి. పైగా దారిలో సుయిలాన్‌కు జ్వరం వచ్చింది. నేను వెళ్ళి ద్వారపు సేనాని ఎదుట నిలబడి, మా దారి పత్రంలో అందరి పేర్లూ ఉన్నాయి, సరిచూసుకుని పంపండి అని అడిగాను. ఆయన మొరటు మనిషి కాదు. కానీ తేలిగ్గా నమ్మే మనిషీ కాదు. పట్టు తానులన్నీ విప్పించాడు. ఉన్ని మూటల్లోకి ఈటెలు గుచ్చి చూడమన్నాడు. చివరికి సుయిలాన్‌ను పిలిచి చేతులు చాపమన్నాడు.

వేళ్ళ కొసలు వేడినీళ్ళకు కాలి, తెల్లగా గట్టిపడి ఉన్నాయి. సేనాని వాటిని తిప్పి తిప్పి చూశాడు. వర్తకుడి పెళ్ళానికి ఈ చేతులెక్కడివని అడిగాడు. నేను కలగజేసుకుని, దున్‌హువాంగ్‌లో పన్ను కింద పట్టు కట్టని కొంప ఏదో చెప్పండి, పుట్టింట్లో పిల్లలందరూ ఆ బానల దగ్గర పెరిగినవాళ్ళే అన్నాను. ఆయన నావైపు చూడనే లేదు. ఆమెనే అడిగాడు, నీ మొగుడి ముఖం మీద ఏ గుర్తుందో చెప్పమని.

నేను మళ్ళీ అడ్డుపడబోయాను. ఎందుకో నీకు తెలుసు. నీ గడ్డం కింది మచ్చ నువ్వు గడ్డం పెంచితే కనబడదు, తీస్తే కనబడుతుంది. నువ్వు ఈ ద్వారం దాటినప్పుడు వీళ్ళు ఏ ముఖం చూశారో తెలియదు, ఏది చెప్పినా చిక్కే.

ఆమె తడుముకోలేదు. "నన్నిక్కడ వదిలి ఆయన వెళ్ళి రెండేళ్ళయింది. ఆ ముఖమే నాకు సరిగ్గా గుర్తు లేదు. నన్ను దాటనిస్తే వెళ్ళి చూసి మీకు కబురు పంపుతాను" అంది.

కాపలావాళ్ళు నవ్వారు. సేనాని నవ్వలేదు గానీ చేతులు వదిలేశాడు. నీకు ఈ మాట గుచ్చుకుంటే గుచ్చుకోనీ.

అయినా వదల్లేదు. ఇక్కడ దుబాసీగా ఉన్న కరన్ నీకు తెలిసినవాడే, బుఖారా మనిషి, మీ పెళ్ళిలో తిన్నవాడు. అతన్ని పిలిపించి, ఈమె వర్జక్ భార్యేనా, నీ తల మీద చెయ్యి పెట్టి చెప్పు అన్నాడు సేనాని. కరన్ ఆమె ముందు నిలబడి చాలాసేపు చూశాడు. నేను నా కొంగు ముడి గట్టిగా పట్టుకుని ఉన్నాను.

"సుయిలానే. చిక్కిపోయింది" అన్నాడు కరన్.

మా పత్రం మీద ముద్ర పడింది. ఇప్పుడు మూటలు కడుతున్నారు. ఇక్కడ ప్రతి ఉత్తరమూ కరన్ చదివాకే ద్వారం దాటుతుంది, కాబట్టి అతనికీ నా దండాలు ఇందులోనే చెబుతున్నాను. నువ్వు వేళకు తిను. ఇంట్లో అగ్ని ఆరనివ్వకు.

నీ మేలు కోరే అక్క,
నానైచ్

తాజా కలం: వర్జక్, పైన రాసిందంతా ద్వారం దగ్గరి కళ్ళ కోసం. ఇప్పుడు ద్వారం దాటి మొదటి మజిలీలో ఉన్నాం. నిలబడి చదువుతుంటే కూర్చో.

సుయిలాన్ లేదు. ద్వారం ఇంకా రెండు మజిలీలు ఉందనగా, బావి దగ్గర, పొద్దు వాలేవేళ పోయింది. వాళ్ళ ఆచారం ప్రకారమే మట్టిలో పెట్టి, పైన రాళ్ళు పేర్చాను.

నా పక్కన రొట్టె తిన్నది మియావో. వాళ్ళు వెతుకుతున్నది ఆమెనే. సుయిలాన్‌తో ఒకే ముంగిట్లో ఆడుకున్న పిల్ల. తండ్రి పన్ను కట్టలేకపోతే ఈమెను కార్ఖానాకు ఈడ్చుకుపోయారు. సుయిలాన్ నాకు చెప్పకుండా ఆమెను ఉన్ని మూటల మధ్య దాచి తెచ్చింది. తెలిశాక నేను ఇద్దర్నీ నానా మాటలూ అన్నాను. ద్వారం ముందు దింపేయండి, ఉప్పు చిత్తడి మీదుగా నడిచిపోతానంది మియావో. అలా పోయినవాళ్ళెవరూ అవతల తేలలేదు.

చివరిదాకా సుయిలాన్‌కు తెలివి ఉంది. "వదినా, నేనెలాగూ ద్వారం దాటను. పత్రం మీద నా పేరు ఊరికే పోతుంది. ఆ పేరుతో దీన్ని పోనీ" అంది. నేను ఒప్పుకోలేదు. నా తమ్ముడి పెళ్ళాం పేరు ఇంకొకరికి ఇవ్వడానికి నేనెవర్ని అన్నాను. "ఆయన్ని అడిగొచ్చే వేళ లేదుగా" అని నవ్వింది. ఆ తర్వాత మాట్లాడలేదు.

ఈ ఉత్తరాన్ని కరన్ మూసి ముద్ర వెయ్యలేదు. చదివి, నా చేతికే తిరిగి ఇచ్చాడు. పెళ్ళిలో తనకు కొసరి కొసరి వడ్డించిన పిల్ల ఈమె కాదని చెప్పాడు. "వాళ్ళకి నేను అబద్ధం చెప్పాను. మీ తమ్ముడికి నువ్వు అబద్ధం చెప్పకు. కింద చోటుంది, అది నింపి పంపు" అన్నాడు. కార్ఖానా పెద్ద రేపో మాపో అక్కడికి చేరతాడు. కరన్ మెడ ఇంకా ఆ ద్వారం దగ్గరే ఉంది.

ఈ ఉత్తరం గుర్రం మీద మాకంటే ముందు చేరుతుంది. మేము వచ్చేసరికి వీధి వీధంతా నీ భార్య వస్తోందని ఎదురుచూస్తూ ఉంటుంది. సుయిలాన్ లేదని ముందే అందరికీ చెప్పు. ఒంటె దిగగానే ఆమెను మియావో అని పిలువు. సుయిలాన్ పేరు ఆమెకు వద్దు. ఆ పేరు పెట్టి నువ్వు ఏడవాలి.