మళ్ళీ గుట్టెక్కిన సంగతి

కృష్ణానగర్, మంగళవారం

చెల్లాయి సీతామహాలక్ష్మికి అన్నయ్య దీవెనలు.

ఈ కార్డు రాయకుండా ఊరుకుందామనుకున్నాను. ఎలాగూ ఎవరో ఒకరు నీకు ఫోన్లో చేరవేస్తారని రాస్తున్నాను. నేను మళ్ళీ గుట్ట ఎక్కాను. కంగారుపడకు, కిందటిసారిలా కాలు విరగలేదు.

పక్క గదిలో ఉండే లైట్‌మ్యాన్ ఓదెలు తెలుసుగా? భార్య పోయి మూడు నెలలైనా గడప దాటడు, పిలిస్తే పలకడు. "ఫిలింనగర్ గుట్ట మీదికి తీసుకుపోరా, ఒక్కణ్ణీ ఎక్కలేను" అని నేనే బతిమాలాను. నా సంగతి నీకు తెలిసిందే. మేకప్ వాణ్ణి, హీరోలు కొండలెక్కితే, కింద గొడుగు నీడన కూర్చుని చెమటకు ఊడిన మీసాలు అంటించడమే నేను నేర్చిన విద్య.

సగం ఎక్కేసరికి బండ మీద కూలబడ్డాను. ఓదెలు వెనక్కి వచ్చి చెయ్యిచ్చాడు. "గీడికి ఎంతెంత లైట్లు మోసుకుంట ఎక్కినం! నీ పొట్ట ఒక్కటి మోయలేవా అన్నా?" అన్నాడు.

పైనుంచి చూస్తే హైటెక్ సిటీ అద్దాల మేడలు ఎండకు ధగధగలాడుతున్నాయి. షూటింగులో ఎండను హీరో మొహం మీదికి తిప్పే పలకల్ని రిఫ్లెక్టర్లంటాం. ఓదెలు ఆ అద్దాలకేసి చూసి, "గిన్ని రిఫ్లెక్టర్లు పెట్టిన్రు, పట్టుకునేటోడు ఒక్కడు లేడేందన్నా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత వాడు ఏడ్చాడు. నేను పక్కనే కూర్చున్నాను.

బావగారి పాత కాన్వాసు బూట్లు పారేయకు, నాకు పంపించు. ఆయన కంటి ఆపరేషన్ ఏ తారీఖు? పిల్లలకు నా ఆశీస్సులు.

ఇవాళ పొద్దున ఓదెలు మంగలి షాపుకి వెళ్ళి గడ్డం గీయించుకుని వచ్చాడు.