ఎక్స్‌ఛేంజ్‌కి రాసిచ్చిన మిషను

బెంటన్‌విల్,
సెప్టెంబరు 9, మంగళవారం

ఏమండీ,

నన్ను ఒక్కమాట అడక్కుండా నా ఎంబ్రాయిడరీ మిషన్ని మీరు ఎక్స్‌ఛేంజ్‌కి రాసిచ్చేశారు. ఇరవై నాలుగో తారీఖున ఎవరో వచ్చి కొత్తది దింపి పాతది ఎత్తుకుపోతారన్న సంగతి నాకు చెప్పింది మీరు కాదు, కొరియర్ వాళ్ళ మెసేజ్. పదహారేళ్ళుగా నా చేతికింద నడిచిన వస్తువుని ఫ్రీమాంట్‌లో కూర్చుని ఒక్క క్లిక్‌తో వదిలించుకునే హక్కు మీకెవరిచ్చారు?

అడగాల్సింది అడిగాను కాబట్టి ఇక పద్ధతి ప్రకారం ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నేనూ, మీరు నాటి వెళ్ళిన టమాటా మొక్కలూ క్షేమం. అక్కడ మీరూ, మీ బీపీ కూడా క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం చివరిదాకా చదివాక కూడా అలాగే ఉంటుందని మాత్రం హామీ ఇవ్వలేను.

ఫోన్ చేయొచ్చుగా అంటారు. చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేను రెండో వాక్యంలో ఉండగానే, "ప్రసూనా, మీటింగ్ మొదలవుతోంది" అంటారు. తగాదాలు కాగితం మీద, మంచిమాటలు ఫోన్లో అని జూన్‌లో ఒప్పందం పెట్టింది మీరే. ఉత్తరాన్ని మ్యూట్ చేయలేరు. చదవండి.

ముందు మీ కిందటి ఉత్తరానికి జవాబులు. కారుకి ఆయిల్ మార్పించాను. ఆవకాయ పోస్టులో పంపను, కిందటిసారి సీసా పగిలి మీ అపార్ట్‌మెంట్ ఆఫీసంతా నూనె అయిన సంగతి మీరు మరిచిపోయినా వాళ్ళు మరిచిపోరు. స్త్రీల కూడికలో వాక్యం ఇంకా నేనే చెబుతున్నాను. కూలివాడి కూలి బిగబట్టినవాళ్ళ గురించి యాకోబు రాసినదే మళ్ళీ ఎత్తుకున్నానని పాస్టరుగారికి కాస్త ఇబ్బందిగానే ఉంది. ఇక మీ చివరి ప్రశ్న: "అది వస్తువే కదా ప్రసూనా, అంత పట్టుదల దేనికి?" దీనికి జవాబు ఒక్క లైనులో రాదు.

నవంబరు ఇరవై రెండున మన అమ్మాయి అబ్బీ పెళ్ళి. మనవాళ్ళలో పెళ్ళికూతురి తెల్లచీర మగపెళ్ళివారే పెట్టాలి. పెళ్ళికొడుకు నతానియేల్ వాళ్ళమ్మ, మన లూసీ వదినగారు, ఆ చీర ధర్మవరంలో చెప్పి నేయించి, వాళ్ళుండే పిస్కాటవే నుంచి చేతిసంచీలో పెట్టుకుని విమానంలో తెచ్చారు. లగేజీలో వేయడానికి మనసొప్పలేదట. నా ఒళ్ళో పెట్టి ఏమన్నారో మీరూ విన్నారు. "వదినగారూ, అంచు మీద మీ చేతిపని పడితే ఇది రెండిళ్ళ చీర అవుతుంది. మా అత్తగారు నాకు పెట్టిన చీర మీద చెయ్యి వెయ్యనివ్వలేదు ఎవర్నీ. మీకు నేను ఇస్తున్నా." పెళ్ళికి వారం ముందు పాస్టరుగారు బట్టల మీద ప్రార్థన చేసేనాటికి ఆ చీర తిరిగి ఆవిడ చేతిలో ఉండాలి.

అంచు సగం అయింది. నలభై రెండు ఆకులు పడ్డాయి, ఇంకా అన్నే పడాలి. ఆ ఆకు ఎక్కడిదో మీకు తెలుసు. నరసాపురంలో మా అమ్మ లేసు అల్లే రోజుల్లో వేసిన ఆకు అది. ఒక పక్క కాస్త కురచ, కొస కొంచెం వంపు. నేను దాన్ని గళ్ళ కాగితం మీద గీసి, కుట్టు కుట్టూ లెక్కపెట్టి ఈ మిషన్ మెమరీ కార్డులోకి ఎక్కించాను. మూడు నెలలు పట్టింది. అది ఆ కార్డులో తప్ప ఇంకెక్కడా లేదు.

మీరు కొన్న కొత్త మోడల్ ఎలా ఉంటుందో చూడకుండా తిట్టడం న్యాయం కాదని ఫాయెట్‌విల్‌లో షోరూముకి వెళ్ళాను. చూశాకే తిడుతున్నాను. కౌంటర్లో ఆవిడ నా కార్డుని అటూ ఇటూ తిప్పి, పాత నాణెం చూసినట్టు చూసి, "ఇది దీనికి అర్థం కాదు మేడమ్. మీ డిజైన్ ఫొటో తీసి పంపండి, మా సర్వర్ గీసిపెడుతుంది. నెలనెలా చందా కడితే ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు" అంది. అంటే మా అమ్మ ఆకుని వాళ్ళ దగ్గర దాచి, నేను నెలనెలా అద్దెకు తెచ్చుకోవాలన్నమాట! సరే గీయమన్నాను. వచ్చింది ఆకు. రెండు పక్కలా సమానంగా, నున్నగా, ప్లాస్టిక్ దండలో ఆకులా వచ్చింది. కురచ పక్కని తప్పనుకుని సర్వరు సరిచేసిందట. దాన్ని చీర మీద పాత ఆకుల పక్కన పెడితే గుడ్డివాడు తడిమినా తేడా చెబుతాడు.

పోనీ ఆగిపోయిన పాతది బాగుచేయండి అంటే కంపెనీ మూడు లైన్ల జవాబిచ్చింది. ఈ మోడల్‌కి విడిభాగాలు ఆపేశాం, కొత్త మోడల్ మీద మీకు తగ్గింపు ఇస్తాం. అంతే. పనిచేసే మోటారు, పనిచేసే తెర, గట్టి ఇనప చట్రం, ఒక్క చిన్న ముక్క అమ్మకపోతే చాలు, మొత్తం చెత్త. కొన్నది నేను. బాగుచేసుకోవాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం వాళ్ళది. దీన్ని మీరు 'టెక్నాలజీ ముందుకెళ్తోంది' అంటారు. ఇంటిని అమ్మి తాళంచెవి అట్టేపెట్టుకోవడం అంటాను నేను.

ఇంకో మాట కూడా అంటాను. పంతొమ్మిదేళ్ళు పనిచేయించుకుని, యాభై నాలుగేళ్ళొచ్చేసరికి ఒక మంగళవారం పొద్దున మీ బ్యాడ్జి పనిచేయకుండా చేసినవాళ్ళు కూడా మీకు ఇదే భాషలో మెయిల్ పెట్టారు. అప్పుడు మీరు వారం రోజులు గ్యారేజీలో కూర్చున్నారు. ఇల్లు వదిలి అంత దూరంలో కాంట్రాక్టు చేస్తున్నది అందుకే. ఆ మాట ఎలా గుచ్చుకుంటుందో తెలిసిన మనిషి, ఒక్క ఫోను చేయకుండా అదే పని నా మిషన్‌కి ఎలా చేశారండీ? ఇది చదివితే మీకు నొప్పి పుడుతుందని తెలుసు. కొట్టేద్దామని రెండుసార్లు పెన్ను ఎత్తి, ఉంచేశాను.

అబ్బీ పెళ్ళికి నాకు కానుకగా కొన్నానని మీరు ఆర్డర్‌లో రాయించిన చీటీ కూడా మెసేజ్‌లో కనిపించింది. "నీ చేతులకి విశ్రాంతి" అని. ఆ ప్రేమ నాకు అర్థం కాక కాదు. అర్థమైంది కాబట్టే తిట్టడం ఇంత కష్టంగా ఉంది.

శనివారం సైలోమ్ స్ప్రింగ్స్ దాకా డ్రైవ్ చేసి వెళ్ళాను. అక్కడ వాల్ట్ అని డెబ్బై దాటిన మనిషి, తన గ్యారేజీలో కుట్టుమిషన్లు, వాక్యూమ్ క్లీనర్లు బాగుచేస్తాడు. మిషన్ని బల్ల మీద పెట్టగానే, "ఆగిపోవడానికి ముందు ఏం కుట్టావు?" అన్నాడు. పట్టుచీర అన్నాను. ఆయన కింద పలక విప్పి, దారం పట్టుకునే కొక్కెం సందులోంచి పట్టకారుతో నీలం పీచు లాగాడు. ఇంకొంచెం లాగాడు. బల్ల మీద వరసగా పేర్చాడు.

"నీలం పట్టా?" అన్నాడు.

"కాదు. కాన్వాసు."

"ఎన్ని మడతలు?"

"నాలుగు."

"నేనైతే మేకులు కొట్టేవాణ్ణి" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. 

ఇంతదాకా మీతో చెప్పనిది ఇప్పుడు చెప్తున్నాను. మిషన్ దానంతట అది ఆగిపోలేదు. నేనే పాడుచేశాను. లేబర్ డే ర్యాలీకి వేర్‌హౌస్ వర్కర్ల బ్యానరు ఆగస్టు పదహారున దాని మీదే కుట్టాను. అంత మందం గుడ్డ దానిమీద పెట్టకూడదని పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. సూదులు మూడు విరిగాయి. నాలుగోది వేశాక లోపల టక్‌మంది. పదహారేళ్ళలో ఎప్పుడూ వినని చప్పుడు. విన్నాను. బ్యానరు పూర్తిచేశాను. రెండు రోజులకి, ఆ చప్పుడు పోలేదని తెలిసి కూడా, చీర ఫ్రేములో బిగించాను. నలభై మూడో ఆకు మొదలెట్టగానే కింద దారం ముద్దకట్టి పట్టుని లోపలికి లాక్కుంది. నేను కంగారుపడి గుంజాను.

చీరకి చిల్లు పడిందండీ. చింతగింజంత చిల్లు. లూసీ వదినగారి చీరకి.

ఆ రాత్రి మీకు ఫోన్లో 'మిషన్ ఎందుకో ఆగిపోయింది' అన్నాను. అదే అబద్ధం చర్చిలో చెప్పాను. అదే అబద్ధం మీద ఆగస్టు ఇరవై నాలుగున వెబ్ పత్రికలో నా కాలమ్ రాశాను: కంపెనీలు వస్తువుల్ని చెడిపోయేలాగే తయారుచేస్తాయి, ఇదిగో సాక్ష్యం నా ఇంట్లోనే ఉంది అని. మెచ్చుకుంటూ ఎంతమంది రాశారో! మీరూ మీ కాలేజీ గ్రూపులో పెట్టి, "మా ఆవిడ" అని కింద రాసుకున్నారు. విడిభాగాలు అమ్మకపోవడం కంపెనీ తప్పే, ఆ మాట చచ్చినా వెనక్కి తీసుకోను. కానీ మిషన్ పాడైంది నా మొండితనం వల్ల. రెంటినీ కలిపేసి ఒక్క నేరంగా రాశాను. ఆ పని ఇంకొకరు చేసుంటే నేను వాళ్ళని ఉతికి ఆరేసేదాన్ని. "నువ్వు వ్యాసం కుడుతున్నావు ప్రసూనా, చీర కాదు" అని మీరు వెక్కిరించినప్పుడు నాకంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

ఇంకా సిగ్గుపడే సంగతి ఇది. చిల్లు సరిగ్గా నలభై మూడో ఆకు పడాల్సిన చోట ఉంది. వెనక పట్టు ముక్క వేసి ఆకు కుట్టేస్తే ఎవరికీ కనపడదు. ఈ మూడు వారాలూ నా ఆలోచన అదే. పాత మిషను కోసం నేను పోట్లాడుతున్నది సిద్ధాంతం కోసమని మీరనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. సగం నిజం. మిగతా సగం, ఆ ఆకు కింద నా తప్పు దాచుకోవడానికి.

వాల్ట్ దగ్గర అదే మోడల్ చచ్చిన మిషను ఒకటి అలమరలో ఉంది. దాని కొక్కెం తీసి దీనికి వేస్తానన్నాడు. మూడు వారాలు కావాలట, హామీ ఏమీ లేదట. "ఆకు మళ్ళీ అదే ఆకులా వస్తుందా?" అంటే, "వస్తే వస్తుంది. రాకపోతే నీకన్నా ముందు నేను బాధపడతాను" అన్నాడు. మిషన్ అక్కడే వదిలి వచ్చాను. ఇరవై నాలుగున కొరియర్ వస్తే ఇవ్వడానికి ఇంట్లో మిషన్ లేదు.

కప్పిపెట్టను. వదినగారికి చూపిస్తాను. ఆవిడ ఒప్పుకున్నాకే ఆకు వేస్తాను. వేరే చీర నేయిస్తానంటే, చేతులు కట్టుకుని ఊరుకుంటాను. ఈ నిర్ణయం నాది. దీనిమీద మీతో చర్చ లేదు. ఉన్నవి డిమాండ్లే:

1. ఈ ఉత్తరం అందిన రోజే ఎక్స్‌ఛేంజ్ రద్దు చేయండి. ఆర్డర్ మీ పేరున ఉంది, నేను అడిగితే వాళ్ళు వినడం లేదు.

2. కొత్త మిషను వద్దు. పెళ్ళయ్యాక మనసు మారుతుందేమోనని అట్టే పెట్టకండి.

3. నా కాలమ్ పెట్టిన గ్రూపులోనే, ఈ ఆదివారం నేను రాయబోయే సవరణ కూడా పెట్టండి. కింద "మా ఆవిడ" అని రాయాలి.

4. అబ్బీకి మీరు చెప్పొద్దు. నేను చెప్తాను.

5. ఇకమీదట నా వస్తువు, నా పని, నా చేతుల విశ్రాంతి, ఏదైనా నన్నడిగి చేయండి.

6. అక్టోబరు నాలుగు, శనివారం, పిస్కాటవేకి టికెట్ బుక్ చేసుకోండి. నేనూ చీరతో వస్తాను. వదినగారి ముందు మడత విప్పేటప్పుడు నా పక్కన కూర్చోండి. నా తరఫున ఒక్క మాట కూడా మాట్లాడొద్దు.

ఇట్లు,
అబిగేల్ వాళ్ళమ్మ, మీ భార్య,
జ్ఞానప్రసూన