నాలుగు కొలతలకు ఒకే సగటు

పరీక్షల విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఐదవ తరగతి చదువుచున్న మా అమ్మాయికి వార్షిక పరీక్షలో అరగంట అదనపు సమయం నిరాకరించుట – తిరిగి పరిశీలించమని కోరుట – గురించి.

నేను దర్జీని. తమ కార్యాలయం వెనక వీధిలో ముప్పై ఏళ్లుగా కుట్టుపని చేసుకొనుచున్నాను. ఇది నా మూడవ అర్జీ. మొదటి రెండింటికీ ఒకే వాక్యం జవాబుగా వచ్చినది: "మొత్తం ఫలితం సాధారణం, కావున సౌకర్యం వర్తించదు." అందుచేత ఈ దిగువ అంశములు మనవి చేయుచున్నాను.

1. బడివారు చెప్పగా మా అమ్మాయికి తెలివితేటల పరీక్ష చేయించితిమి. నాలుగు విభాగముల ఫలితములు వచ్చినవి. నూరుగురు పిల్లలను వరుసలో నిలబెడితే, మాటలు అర్థం చేసుకొనుటలో తొంభై ఐదుగురు ఆమె వెనకనే. బొమ్మలు చూసి ఆలోచించుటలో ఎనభై ఎనిమిది మంది. జ్ఞాపకంలో నలభై మంది. చేతి వేగంలో మాత్రం ఆమె వెనక ఉన్నది ఆరుగురే. ఈ నాలుగింటినీ కలిపి తమ కార్యాలయం "సాధారణం" అని ముద్ర వేసినది.

2. ఛాతీ, నడుము, చెయ్యి, మెడ కొలిచి, నాలుగింటికీ సగటు కట్టి ఆ కొలతతో చొక్కా కుడితే నన్ను ఆ వీధిలో బతకనివ్వరు. తమ గుమాస్తా గారేమో "సగటు బాగానే ఉంది కదండీ, ఇంకేం కావాలి మీకు?" అన్నారు. ఆ సగటు పిల్ల ఎవరో గానీ మా ఇంట్లో లేదు.

3. పరీక్ష చేసినావిడ నివేదిక చివరి పేజీలో స్పష్టంగా రాసినారు: విభాగముల మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు మొత్తం అంకెను నమ్ముకొనరాదు, అదనపు సమయం ఇవ్వవలెను అని. వెళ్లి అడిగితే, "నేను ప్రతిసారీ రాస్తానండీ. ఆ పేజీదాకా ఎవరూ రారు" అన్నారు. తమరు తిప్పి పంపిన ప్రతిలో ఆ పేజీ మడత విప్పనే లేదు. నేను పెట్టిన మడతను నేను గుర్తుపట్టగలను, అది నా వృత్తి.

3. వేగం ఎందుకు తగ్గినదని కూడా ఆవిడను అడిగితిని. ఒకే రకం గుర్తులను వెతికి కొట్టివేసే పరీక్షలో మా అమ్మాయి ప్రతి గుర్తునూ రెండుసార్లు వేలితో తడిమి, ఆ తరువాతే పెన్సిలు పెట్టినదట. తప్పు ఒక్కటీ లేదు, సమయం అయిపోయినది. అయ్యా, అది నేను నేర్పినది. నాలుగో ఏట నుంచి నా బల్ల పక్కన కూర్చున్న పిల్లకు "కత్తెర పడ్డాక గుడ్డ నీ మాట వినదమ్మా, మళ్లీ చూసుకో" అని పొద్దస్తమానం చెప్పినది నేనే. బడిలో రాత కూడా నిదానమే కనుక ఇదొక్కటే కారణం కాకపోవచ్చని ఆవిడ అన్నారు. కాకపోవచ్చు. అయినా ఆ ఆరు అంకె చూసినప్పుడల్లా నాకు నా గొంతే వినబడుతోంది.

4. పోయిన పరీక్షలో లెక్కలు చేసినవన్నీ ఒప్పే. చివరి నాలుగు ప్రశ్నలు ఖాళీ. పక్కన "సోమరితనం" అని ఎర్ర సిరాతో రాసి ఉన్నది. మొన్న బొత్తాలు కుడుతున్న వాళ్లమ్మ దగ్గర చేరి, "అమ్మా, నేను తెలివైనదాన్నా, మొద్దునా? ఏదో ఒకటి చెప్పు, అదే అనుకుంటాను" అన్నది. మా ఆవిడ సూది పక్కన పెట్టి నా వంక చూసింది. నేను ఈ అర్జీకి కాగితం తీసుకున్నాను. తమ దగ్గర ఉన్న జవాబు తప్పు.

పరీక్షకు ఇంకా పదకొండు రోజులున్నవి. నేను అడిగేది మార్కులు కాదు, అరగంట. తమ వరండాలో ఇప్పటిదాకా నేను కూర్చున్న గంటల్లోంచి తీసి ఇచ్చినా సరే.

కావున ఈ అర్జీని నిదానంగా, చివరి పేజీదాకా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వెనక వీధి దర్జీ

తా.క.: పంపే ముందు మా అమ్మాయి ఇది చదివింది. నలభై నిమిషాలు పట్టింది. "నాన్నా, మూడో నంబరు రెండుసార్లు పడింది" అంది. రాసిన నాకూ, టైపు చేసినాయనకూ, చదివి బాగుందన్న హెడ్మాస్టరు గారికీ అది కనబడలేదు. దిద్దుతానంటే నేనే వద్దన్నాను. ఇక్కడికి వచ్చేలోపే తమకది కనబడి ఉంటే ఈ అర్జీని చింపేయండి. లేకపోతే మా అమ్మాయికి అరగంట ఇవ్వండి.