గోడ అవతలి దెబ్బ

నవంబరు 2004, ఆదివారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. గవర్నర్‌పేట స్టూడియోలో మా బ్యాండు కొత్త పాట రికార్డింగు చెడిపోయింది. మొదట్లో ఎవరివో మెటల్ రాక్ పాటలు వేగంగా వాయించి మురిసిపోయేవాళ్లం. కొన్నాళ్లుగా సొంతవి కడుతున్నాం, ఏడు దెబ్బల మీద నడుస్తూ మధ్యలో అయిదుకు మారే పాటలు. పామర్రులో శీను వాళ్ల రైసుమిల్లు వెనక గోడౌనులో ఎప్పుడూ తప్పని పాట, ఇవాళ ఆ ఏసీ గదిలో ప్రతిసారీ అయిదు దగ్గరే కూలిపోయింది. డ్రమ్స్ మీదున్న శీను చెమట తుడుచుకుంటూ, "కాలు ఆనడం లేదురా ఇక్కడ. ఏదో తక్కువైంది" అన్నాడు.

తిరుగు బస్సులో నాకు తట్టింది. "మిల్లు ఆడనప్పుడు ఈ పాట ఎప్పుడైనా వాయించామా?" అని శీనును అడిగాను. గోడ అవతల డీజిల్ ఇంజను కొట్టే దెబ్బ నేలలోంచి మా కాళ్లకు అందుతుంటే, దాన్ని పట్టుకునే ఇన్నాళ్లూ లెక్క మార్చాం. మరి మేం ఎదిగామా, అది మమ్మల్ని మోసిందా?

మిల్లు దగ్గర శీను నాన్నగారు ఎదురొచ్చారు. "మీకో మంచి కబురు అబ్బాయ్. రేపు ఆ పాత ఇంజను పీకించి కరెంటు మోటారు పెట్టిస్తున్నా. పాపం, ఇన్నాళ్లూ ఆ గోలలోనే వాయించుకున్నారు. ఇక మీకు ఏ చప్పుడూ ఉండదు."

"మంచిదండీ" అన్నాను.

ఇది రాస్తుంటే నా కాలు నేలమీద కొట్టుకుంటూనే ఉంది, ఆ ఇంజను లెక్కలోనే.